ఊళ్లో ఓటు, పట్నంలో కాపురం: సర్పంచ్ ఎన్నికల ఖర్చు లెక్కలు ఎలా ఇవ్వాలి?

చెరువుకట్ట | 2026 జనవరి 4

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. డిసెంబరు 14న రెండో విడతలో పోలింగ్ జరిగింది. మా వదిన సర్పంచ్ పదవికి పోటీ చేసి 41 ఓట్ల తేడాతో ఓడిపోయారు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఖర్చు పుస్తకం రాసింది నేనే. కరపత్రాలు, ఫ్లెక్సీలు, మైకు ఆటో, వెంట తిరిగినవాళ్లకు టీలు, టిఫిన్లు, భోజనాలు, ఏజెంట్ల ఖర్చు అన్నీ కలిపి 96 వేల చిల్లర తేలింది. ప్రతిదానికీ రసీదు ఉంది.

ఓడిపోయాక లెక్కలు అడిగేదెవరు, ఆ పుస్తకం అటక మీద పడెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇవ్వాలంటే ఎవరికి, ఎప్పటిలోగా ఇవ్వాలి? మైకు ఆటో మా అన్నయ్య స్నేహితుడిది. ఆయన కిరాయి తీసుకోలేదు, డీజిల్ మాత్రం పోయించుకున్నారు. దాన్ని ఏమని రాయాలి? షార్జాలో ఉన్న మా చిన్నాన్న 40 వేలు పంపారు. విదేశీ డబ్బని ఎవరైనా అభ్యంతరం పెడతారా?

అసలు బాధ వేరే ఉంది. పోలింగ్ రోజు ఉదయం హైదరాబాద్ నుంచి మా ఊరికి ప్రైవేటు బస్సులు వచ్చాయి. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు స్థిరపడిన మా ఊరివాళ్లు దిగారు. గెలిచిన అభ్యర్థి మనుషులు బస్సు మెట్ల దగ్గరే నిలబడి, ఓటరు జాబితాలో పేర్లకు టిక్కులు పెట్టుకుంటూ దించుకున్నారు. బస్సులు పెట్టకూడదని మా వదిన ముందే తేల్చి చెప్పారు. అందుకే ఓడిపోయారని ఇప్పుడు ఊరంతా అంటోంది. ఆ బస్సుల ఖర్చు ఎవరి లెక్కలోనైనా కనబడుతుందా?

పాత_కార్యదర్శి | జనవరి 4

అమ్మా, ఆ పుస్తకం అటక ఎక్కించకండి. పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

పోటీలో నిలిచిన ప్రతి ఒక్కరూ, గెలిచినా ఓడినా, ఫలితం వెలువడిన రోజు నుంచి 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్క ఇవ్వాలి. మీకు డిసెంబరు 14న ఫలితం వచ్చింది కాబట్టి జనవరి 28 ఆఖరు. మొదటి విడతవారికి జనవరి 25, మూడో విడతవారికి జనవరి 31. మండల పరిషత్ కార్యాలయంలో ఎంపీడీవో దగ్గర ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. వార్డు సభ్యులకూ ఇదే నియమం. చాలామంది వార్డు అభ్యర్థులకు ఈ సంగతే తెలియదు. ఏకగ్రీవంగా ఎన్నికైనవారు కూడా ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోవడమే క్షేమం.

ఇవ్వకపోతే రాష్ట్ర ఎన్నికల సంఘం మూడేళ్లపాటు ఏ స్థానిక ఎన్నికలోనూ పోటీ చేయకుండా అనర్హులుగా ప్రకటించవచ్చు. గెలిచినవారైతే పదవే పోతుంది. ఓడినవారు పట్టించుకోరు. తరువాత ఎంపీటీసీకి నామినేషన్ వేసేటప్పుడో మరోసారి సర్పంచ్‌గా నిలబడేటప్పుడో పరిశీలనలో పేరు ఎగిరిపోతే అప్పుడు పరుగెత్తుకుంటూ వస్తారు. నా ఉద్యోగంలో ఇలాంటి కన్నీళ్లు చూశాను. రూపాయి ఖర్చు పెట్టని వార్డు అభ్యర్థి సున్నా అని రాసి ఇచ్చినా సరిపోయేది.

పరిమితుల సంగతి కొత్తవారి కోసం చెబుతున్నాను. తెలంగాణలో 2011 జనాభా లెక్కల ప్రకారం 5 వేలు దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి 2.5 లక్షలు, వార్డు సభ్యుడికి 50 వేలు. 5 వేల లోపు ఊరైతే 1.5 లక్షలు, 30 వేలు. మీ 96 వేలు హాయిగా లోపలే ఉన్నాయి.

ఆటో విషయం. స్నేహితుడు ఉచితంగా ఇచ్చినా అది ఖర్చే. ఆ ప్రాంతంలో రోజు కిరాయి ఎంత నడుస్తుందో ఆ ధర కట్టి ఖర్చు వైపు రాయండి, అదే మొత్తాన్ని ఆయన ఇచ్చిన సాయంగా రాబడి వైపు చూపండి. డీజిల్ రసీదు ఎలాగూ ఉంది. టీకి, టిఫిన్‌కి, కుర్చీకి, షామియానాకు అధికారులు ధరల పట్టిక పెడతారు. మీ రసీదులు ఆ పట్టికకు మరీ దూరంగా ఉంటే అడుగుతారు, సమాధానం సిద్ధంగా ఉంచుకోండి.

షార్జా_జగిత్యాల | జనవరి 4

చిన్నాన్నగారి డబ్బు గురించి నేను చెప్పగలను. మా బావమరిది నిలబడినప్పుడు మేమూ ఇదే విచారించాం. భారత పౌరసత్వం, భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదన పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గల్ఫ్‌లో మన కార్మికులు దాదాపు అందరూ భారత పౌరులే కాబట్టి ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) మీద తిరిగే స్నేహితుడు పంపితే మాత్రం కథ వేరు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి విదేశీ మూలం నుంచి డబ్బు తీసుకోకూడదు. ఏదైనా సరే బ్యాంకు ద్వారా వచ్చి ఉండాలి, ఎన్నిక కోసం తెరిచిన ఖాతాలో కనబడాలి.

ఇంకో మాట. మేము విదేశీ ఓటరుగా ఫారం 6ఎ నింపి పాస్‌పోర్టులో ఉన్న చిరునామా దగ్గర పేరు నమోదు చేసుకోవచ్చు. 2010లో చట్టం మార్చి ఆ హక్కు ఇచ్చారు. కానీ ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. టికెట్టు ధర, సెలవు, కంపెనీ అనుమతి కలిసొచ్చేదెప్పుడు? జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఎల్బీనగర్ వాళ్లకు బస్సు వస్తుంది, మాకు ఏదీ రాదు. ఎవరినీ నిందించడానికి అనడం లేదు, కడుపులో ఉన్నది చెప్పాను.

నికార్సు_మాట | జనవరి 5

అందరూ నియమాలు వల్లిస్తున్నారు. 1.5 లక్షలతో ఈ రోజుల్లో సర్పంచ్ ఎన్నిక ఎవరు చేయగలరు? మా మండలంలో పాతిక లక్షలు దాటినవాళ్లున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. పరిమితి అబద్ధంగా ఉంది కాబట్టే అందరూ అబద్ధం లెక్కలు ఇస్తున్నారు. పరిమితి పెంచితే నిజం లెక్కలు వస్తాయి.

లెక్కల_మాస్టారు | జనవరి 5

నికార్సు_మాట గారూ, ఒక్కసారి భాగహారం చేసి చూద్దాం. 2,400 మంది ఓటర్లున్న ఊరనుకోండి. 1.5 లక్షలంటే ఓటరుకు 62 రూపాయల పైమాటే. శాసనసభ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, 2022లో 28 నుంచి పెంచారు. నియోజకవర్గంలో 2.5 లక్షల ఓటర్లున్నారనుకుంటే ఓటరుకు 16 రూపాయలు. అంటే సర్పంచ్ అభ్యర్థికి తలకు దాదాపు నాలుగింతలు ఇచ్చారు. పైగా ఎమ్మెల్యే అభ్యర్థి వంద ఊళ్లు తిరగాలి, కార్లు కావాలి, సభలు కావాలి. సర్పంచ్ అభ్యర్థి నడిచి వెళ్లి ప్రతి గడపా తట్టగలరు. ఓటర్లలో సగం మంది ఆయనకు వరసలు కలిసేవాళ్లే. కరపత్రం, ఫ్లెక్సీ, మైకు, టీ ఖర్చులకు ఆ డబ్బు చాలదని నేను ఒప్పుకోలేను. ఈ అమ్మాయి పుస్తకమే సాక్ష్యం, 96 వేలలో 41 ఓట్ల దూరం దాకా వచ్చారు.

మిగతా లక్షలు ఎక్కడికి పోతున్నాయో ఊళ్లో అందరికీ తెలుసు. కవరులో నోటుకూ, సీసాకూ పోతున్నాయి. పరిమితిని 10 లక్షలు చేసినా 50 లక్షలు చేసినా అవి లెక్కలోకి రావు, ఎందుకంటే అవి ఖర్చు కాదు, నేరం. పరిమితి పెంచితే నిజం రాస్తారన్న వాదన నాకు అందుకే మింగుడుపడదు.

నికార్సు_మాట | జనవరి 5

లెక్క బాగుంది మాస్టారూ, ఈ కోణంలో నేను చూడలేదు. అయినా నామినేషన్‌కు ముందు పెట్టిన ఖర్చు ఎందుకు లెక్కలోకి రాదు? వినాయక మండపాలకు చందాలు, దసరాకు చీరలు, కబడ్డీ పోటీలకు బహుమతులు, అన్నీ నోటిఫికేషన్ రాకముందే అయిపోయాయి. రెండేళ్లు ఊళ్లలో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక అధికారుల పాలనే నడిచింది. ఆ రెండేళ్లూ ఆశావహులు పండగపండగకూ పెట్టుబడి పెడుతూనే ఉన్నారు.

హన్మకొండ_వకీలు | జనవరి 5

మీరు పట్టుకున్నది అసలైన లోపం. లెక్క నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా మాత్రమే. ఎంపీ, ఎమ్మెల్యేలకూ ఇంతే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ అదే చెబుతుంది. పల్లెలో ఆ గడువు రెండు వారాలు కూడా ఉండదు.

అయితే పంచాయతీ ఎన్నికల్లో ఒక దారి మూసుకుపోయి ఉందని గమనించండి. పెద్ద ఎన్నికల్లో అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. 1974లో సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో, అభ్యర్థికి తెలిసి పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోదేనని తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి ఆ తీర్పు ప్రభావం లేకుండా చేశారు. తరువాత మార్పులు వచ్చినా, ప్రధాన ప్రచారకుల ప్రయాణం ఖర్చు నేటికీ అభ్యర్థి లెక్కలోకి రాదు. గ్రామ పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. కత్తెర, ఉంగరం, టీవీ రిమోట్ వంటి గుర్తులే ఇస్తారు. కాబట్టి "అది పార్టీ ఖర్చు" అని తప్పించుకునే వీలు సర్పంచ్ అభ్యర్థికి లేదు. అభిమానులు పెట్టారంటారా, అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ఖర్చు పెట్టడమే నేరం. పాత శిక్షాస్మృతిలో దానికి జరిమానా 500 రూపాయలే. భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ దాన్ని 10 వేల దాకా పెంచింది.

ఇక బస్సులు. ఓటర్లను ఉచితంగా పోలింగ్ కేంద్రానికి తరలించేందుకు అభ్యర్థి గానీ ఆయన తరఫువారు గానీ వాహనం కిరాయికి మాట్లాడడాన్ని చట్టం అవినీతి చర్యగా చూస్తుంది. అందువల్ల ఏ అభ్యర్థీ దాన్ని తన లెక్కలో రాయడు. ఓటరు తన డబ్బుతో ఆర్టీసీ బస్సెక్కి వస్తే తప్పేమీ లేదు. ఎన్నికను సవాలు చేయాలంటే ఫలితం వచ్చాక గడువు చాలా తక్కువ. మీ దగ్గర ఫొటోలో, సాక్షులో ఉంటే ఈ వారంలోనే మీ దగ్గరి న్యాయవాదిని కలవండి. వేదికలో చర్చించినంత మాత్రాన గడువు ఆగదు.

మియాపూర్_వాసి | జనవరి 6

ఇక్కడ పట్నం ఓటర్లను దొంగల్లా మాట్లాడుతున్నారు. నేను ఆ బస్సుల్లో రాలేదు, మా ఊరు వేరే. కానీ నేనూ హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో ఓటేసినవాణ్నే. ఆ ఊళ్లో మా నాన్న కట్టిన ఇల్లుంది, రెండెకరాలుంది, అమ్మ అక్కడే ఉంటుంది. పంచాయతీకి ఇంటి పన్ను కడుతున్నాను. మురుగు కాలువ పూడిపోతే మా అమ్మ గుమ్మం ముందే నీళ్లు నిలుస్తాయి. సర్పంచ్ ఎవరన్నది నాకు పట్టదా?

పట్నంలో ఓటు పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నాను. 2018 డిసెంబరు 7న వరుసలో రెండు గంటలు నిలబడితే జాబితాలో నా పేరు లేదన్నారు. నోటీసు రాలేదు, ఇంటికి ఎవరూ రాలేదు. అప్పటి నుంచి ఊరి ఓటునే నమ్ముకున్నాను.

హన్మకొండ_వకీలు | జనవరి 6

మీ కోపం న్యాయమైనది. ఆ రోజు రాష్ట్రమంతటా ఎంతోమంది పేర్లు కనబడక వెనుదిరిగారు, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అంతకు మూడేళ్ల ముందు ఆధార్ అనుసంధానం పేరుతో జాబితాలు ప్రక్షాళన చేసినప్పుడే పేర్లు పోయాయన్న ఆరోపణ బలంగా ఉంది. 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద ఉత్తర్వు ఇచ్చాకే ఆ పని ఆగింది. నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా పేరు తీసేయడం చట్టవిరుద్ధం. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి స్పష్టం చేసింది.

కానీ మీ ఇల్లు, పొలం వాదన నిలబడదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ మొదటి వాక్యమే చూడండి: ఒక చోట ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో అక్కడి సాధారణ నివాసి అయిపోరు. ఎక్కడ ఉంటున్నారన్నదే ప్రశ్న. మీరు, మీ భార్యాపిల్లలు ఏళ్ల తరబడి మియాపూర్‌లో ఉంటున్నారు, పిల్లల బడి అక్కడే, ఉద్యోగం అక్కడే. మీ ఓటు మియాపూర్‌లోనే ఉండాలని చట్టం అనుకుంటుంది. మీ అమ్మగారికి ఊళ్లో ఓటు ఉంది కదా, కాలువ సంగతి ఆమె అడగగలరు.

పాలమూరు_బిడ్డ | జనవరి 6

వకీలు గారూ, జాగ్రత్తగా చెప్పండి. ఈ మాట పట్టుకుని మా వాళ్ల ఓట్లు తీసేస్తారు. మా తండాల నుంచి ముంబై, పుణె వైపు పనులకు వెళ్తారు. దీపావళి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి, వానాకాలానికి తిరిగి వస్తారు. ఇంటింటి సర్వే ఆ తాళాల కాలంలో వస్తే "ఇల్లు మూసి ఉంది, మారిపోయారు" అని రాసేస్తారు. అపార్ట్‌మెంటు కొనుక్కున్నవారికీ, ప్లాస్టిక్ పట్టా కింద పడుకుని ఇటుకలు మోసేవారికీ ఒకే కొలత పెట్టకండి.

హన్మకొండ_వకీలు | జనవరి 6

ఒకే కొలత పెట్టలేదు చట్టం కూడా. అదే 20వ సెక్షన్‌లో, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన సాధారణ నివాసం పోదని విడిగా రాశారు. పనికి వెళ్లి తిరిగి వచ్చే మీ తండావాసి ఆ తండా ఓటరే. ఎవరైనా అభ్యంతరం పెడితే నోటీసు ఇవ్వాలి, విచారించాలి. మీ తండాలో చదువుకున్న ఒకరు ఇద్దరు ముసాయిదా జాబితా వచ్చిన రోజే పేర్లు సరిచూసి, తాళం వేసిన ఇళ్ల తరఫున బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి)తో మాట్లాడితే సగం సమస్య తీరుతుంది.

నికార్సు_మాట | జనవరి 7

అయితే చెరువుకట్ట గారు వెంటనే ఫారం 7 లు నింపి ఆ బస్సుల్లో వచ్చినవారందరి పేర్లూ తీయించాలి. జాబితా చేతిలో ఉంది కదా, రాత్రికి రాత్రి రాసేయవచ్చు.

గోదావరి_తీరం | జనవరి 7

దయచేసి ఆ పని చేయవద్దు. 2019 ఎన్నికలకు ముందు మా ఆంధ్రప్రదేశ్‌లో లక్షల ఫారం 7 లు వచ్చి పడ్డాయి. బతికి ఉన్నవారిని చనిపోయారని, ఉన్నవారిని లేరని రాశారు. ఎవరి పేరు మీద దరఖాస్తు వచ్చిందో వాళ్లే మేం పెట్టలేదన్నారు. పోలీసు కేసులు పెట్టవలసి వచ్చింది. తప్పుడు ప్రకటన ఇస్తే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గంపగుత్తగా ఇచ్చే దరఖాస్తులు ఎలాగూ తీసుకోరు. ఒక్కొక్క పేరుకు మీ దగ్గర ఆధారం ఉంటే, మీ సొంత సంతకంతో, మీ ఓటరు కార్డు నంబరు వేసి ఇవ్వండి. పట్నంలో రెండో ఓటు కూడా ఉందని ఖాయంగా తెలిసినవారి విషయంలో అది న్యాయమే. ఒక మనిషికి ఒకే చోట ఓటు అని 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి.

మా దగ్గర 2021లో ఇంకో విచిత్రం జరిగింది. ఫిబ్రవరిలో నాలుగు విడతల పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతో పెట్టారు. 2021 జాబితా తమకు సమయానికి అందించలేదని రాష్ట్ర ఎన్నికల సంఘం అంది. 18 ఏళ్లు నిండిన 3.6 లక్షల మందికి ఓటు పోతుందని ఒక విద్యార్థిని హైకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. మా మేనకోడలు చేతిలో ఓటరు కార్డు ఉంది, పంచాయతీ జాబితాలో పేరు లేదు. పోలింగ్ కేంద్రం గేటు దాకా వెళ్లి, ఆ కార్డు రెండు వైపులా తిప్పి చూపించి, వెనక్కి వచ్చింది. ఆ పిల్లకు నేను ఏమని నచ్చజెప్పాలి?

పరిమితులు మా దగ్గర కొంచెం వేరు. ఆ ఎన్నికల్లో గీత 5 వేల దగ్గర కాకుండా 10 వేల జనాభా దగ్గర గీశారు. మొత్తాలు మాత్రం మీవే: పైన 2.5 లక్షలు, కింద 1.5 లక్షలు. ఈ ఏడాది మా పంచాయతీల ఐదేళ్ల కాలం ముగుస్తుంది కాబట్టి ఈ చర్చ మాకు ఇప్పుడే అవసరం.

పాత_కార్యదర్శి | జనవరి 7

గోదావరి_తీరం గారు చెప్పిన దాంట్లో జనానికి తెలియని మెలిక ఒకటుంది, విడమరచి చెబుతాను. ఓటరు జాబితాకు ఒక యజమాని, పంచాయతీ ఎన్నికకు వేరొక యజమాని. ఫారం 6 తో మనం చేరేది శాసనసభ జాబితాలో. అది కేంద్ర ఎన్నికల సంఘానిది. పంచాయతీ ఎన్నిక జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రాజ్యాంగం 243కె అధికరణం కింద అది విడి సంస్థ. వీళ్లు శాసనసభ జాబితా తెచ్చుకుని దాన్ని పంచాయతీల వారీగా, వార్డుల వారీగా కోస్తారు. ఈ కోతలోనే తప్పులు జరుగుతాయి. భార్య మూడో వార్డులో, భర్త ఐదో వార్డులో తేలతారు. వీధి చివరి నాలుగిళ్లు పక్క వార్డులోకి జారిపోతాయి. 30, 40 ఓట్లతో తేలిపోయే వార్డులో నాలుగిళ్లంటే మాటలా?

ముసాయిదా జాబితాను పంచాయతీ కార్యాలయంలో గోడకు అంటించి రెండు మూడు రోజులే అభ్యంతరాలకు గడువిస్తారు. నేను ఉద్యోగంలో ఉండగా అంటించిన జాబితా చదవడానికి వచ్చేది పాత వార్డు సభ్యులూ, ఈసారి నిలబడాలనుకునేవారే. మామూలు ఓటరు పోలింగ్ రోజే వస్తాడు, అప్పటికి ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. వార్డు తప్పు పడితే అభ్యంతరం పంచాయతీ కార్యదర్శికీ ఎంపీడీవోకూ ఇవ్వాలి. అసలు పేరే లేకపోతే మేమేమీ చేయలేం, తహసీల్దారు కార్యాలయంలో శాసనసభ జాబితా చూసేవారి దగ్గరికి ఫారం 6 పట్టుకుని వెళ్లాలి. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు పెట్టారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 దాటిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగవద్దు.

సంచాలకుడు | జనవరి 8

చర్చ బాగా సాగుతోంది. ఒక సభ్యుడు తన ఊరి అభ్యర్థి పేరు, ఫోను నంబరుతో పెట్టిన వ్యాఖ్యను తొలగించాం. ఆరోపణలు ఉంటే అధికారులకు ఇవ్వండి. ఇక్కడ నియమాలు, అనుభవాల వరకే పరిమితం కావాలి.

లెక్కల_మాస్టారు | జనవరి 8

డిసెంబరులో నాకూ పోలింగ్ విధి పడింది, వేరే జిల్లాలో. బస్సుల గురించి నేను కళ్లారా చూసింది చెబుతాను. పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా. పన్నెండున్నర దాకా కేంద్రం ప్రశాంతంగా ఉంది. అప్పుడు ఒక్కసారిగా ఇస్త్రీ చొక్కాలు, చేతి సంచులతో ఒక గుంపు వచ్చి వరుస కట్టింది. ఒంటిగంటకు వరుసలో ఎంతమంది ఉంటే అంతమందికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇవ్వాలి. ఇచ్చుకుంటూ ముందుకు వచ్చాను. ఒక పెద్దావిడ తన వార్డు ఏదో తెలియక ఎవరికో ఫోను చేసి, "ఏ నంబరు చెప్పాలి నేను?" అని అడిగింది. అవతలివాడు వార్డుతో పాటు గుర్తు కూడా చెప్పాడు. గులాబీ కాగితం మీద సర్పంచ్‌కు, తెల్ల కాగితం మీద వార్డు సభ్యుడికి ముద్ర వేసి ఆవిడ వెళ్లిపోయింది. తాను ఓటేసిన వార్డు సభ్యుడి ముఖం ఆవిడ చూసి ఉండకపోవచ్చు.

రెండు గంటలకు లెక్కింపు మొదలైంది. కాగితాలను 25 చొప్పున కట్టలు కడుతుంటే ఆ వార్డులో తేడా ఆరు ఓట్లు వచ్చింది. వీధి దీపం వెలగకపోతే ఐదేళ్లూ ఆ చీకట్లో నడిచేవారు ఒకరు, ఆ దీపం బాధ్యుణ్ని ఎంచినవారు మరొకరు. మియాపూర్_వాసి గారూ, మిమ్మల్ని అనడం లేదు. మీరు ఊరి బాగోగులు కనుక్కుంటూనే ఉన్నారు. కానీ ఆ వరుసలో మీలాంటివారు ఎందరుంటారో ఒక్కసారి ఆలోచించండి.

మియాపూర్_వాసి | జనవరి 9

మాస్టారూ, నిన్నటి నుంచి మీ మాటలు వదలలేదు. మా అమ్మతో మాట్లాడాను. "నువ్వు ఓటేసినా వేయకపోయినా కాలువ కోసం నేనే కదరా పంచాయతీ చుట్టూ తిరుగుతున్నాను" అంది. ఓటు మియాపూర్‌కు మార్చుకుంటాను. రేపు నగరంలో మళ్లీ పేరు ఎగిరిపోతే మాత్రం ఈ వేదికలోనే మిమ్మల్ని నిలదీస్తాను.

చెరువుకట్ట | జనవరి 13

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వదినతో కలిసి మండల కార్యాలయానికి వెళ్లి లెక్కలు ఇచ్చాం. ఆటోకు రోజు కిరాయి కట్టి రాశాం, చిన్నాన్న డబ్బు బ్యాంకు పత్రంతో సహా చూపించాం. మొత్తం 1 లక్షా 4 వేలు తేలింది. గుమస్తా పేజీలు తిప్పుతూ టీ రసీదులు కూడా ఉన్నాయా అని ఆశ్చర్యపోయారు. ముద్ర వేసిన రసీదు తెచ్చుకున్నాం. మా వార్డుల్లో ఓడిపోయిన అభ్యర్థులకు ఈ గడువు సంగతి తెలియదు. వదిన వాళ్ల ఇళ్లకు వెళ్లి చెబుతున్నారు, అవతలి పక్షం వారికి కూడా. వాళ్లలో ముగ్గురు ఆడవాళ్లు, చదువు రాదు. ఫారాలు నేను నింపి పెడుతున్నాను.

న్యాయవాదిని కలిశాం. బస్సుల ఫొటోలున్నా, కిరాయి ఎవరు ఇచ్చారో రుజువు చేయడం కష్టమన్నారు. కేసు వద్దనుకున్నాం. కానీ గెలిచినవారి ఖర్చు లెక్క చూడాలని ఉంది. అది అడిగే హక్కు నాకు ఉందా?

పాత_కార్యదర్శి | జనవరి 13

ఉంది. లెక్కలు ఇచ్చే గడువు ముగిశాక సమాచార హక్కు చట్టం కింద ఎంపీడీవో కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలే, గ్రామ స్థాయిలో అయితే అదీ లేదు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. ఒక్క అభ్యర్థిదే కాకుండా మీ పంచాయతీలో పోటీ చేసిన అందరి లెక్కల నకళ్లూ అడగండి, మీ వదినవి కూడా కలిపి. కక్షతో అడిగారన్న మాట రాదు. వచ్చిన కాగితాలు ఊళ్లో నలుగురి ముందు పెట్టి చదవండి. ఎన్ని ఫ్లెక్సీలు కట్టారో, మైకు ఎన్ని రోజులు తిరిగిందో ఊరికి గుర్తుంటుంది. అధికారి బల్ల దగ్గర దాటిపోయిన అంకె రచ్చబండ దగ్గర దాటదు. నా ఉద్యోగ కాలంలో అలా అడిగినవారు ఒక్కరూ రాలేదు.

చెరువుకట్ట | జనవరి 13

ఫిబ్రవరి మొదటి వారంలో పెడతాను. కాగితాలు వచ్చాక ఇక్కడ చెబుతాను.

మియాపూర్_వాసి | జనవరి 14

పండగకు ఊరికి వచ్చాను. ఓటు మార్పుకు ఫారం 6 నింపాలా, 8 నింపాలా? ఊళ్లో పేరు తీయించడానికి విడిగా ఫారం 7 కూడా ఇవ్వాలా?

పాత_కార్యదర్శి | జనవరి 14

ఫారం 8 ఒక్కటే చాలు, అందులో నివాసం మార్పు అన్న గడి ఎంచుకోండి. కొత్తగా ఫారం 6 నింపితే మాత్రం రెండు చోట్ల పేరు పడే ప్రమాదం ఉంది. మియాపూర్ చిరునామా రుజువు జత చేయండి. ఓటరు కార్డు నంబరు మారదు, పాతదే కొనసాగుతుంది. దరఖాస్తు సంఖ్య రాసి పెట్టుకుని, ఒక నెల తరువాత ఊరి జాబితాలో పేరు పోయిందో లేదో, మియాపూర్‌లో చేరిందో లేదో రెండూ చూసుకోండి. సందేహం వస్తే ఓటరు సహాయ నంబరు 1950 కి ఫోను చేయండి.